పాతిక మిల్లీమీటర్ల పంచాయితీ

2018లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌కు కింది వేరియంట్లలో కంపెనీ వేసిన టైరు 165/80 ఆర్14. పై వేరియంట్‌లో అల్లాయ్ వీల్స్ మీద వేసింది 185/65 ఆర్15. వీల్ ఒక ఇంచు పెరిగింది, టైరు 20 మిల్లీమీటర్లు వెడల్పయింది. అయినా రెండు టైర్లనూ పక్కపక్కన నిలబెడితే ఎత్తులో తేడా కంటికి ఆనదు. మొదటిది 619.6 మిల్లీమీటర్లు, రెండోది 621.5. తేడా 1.9 మిల్లీమీటర్లే.

అంటే వీల్ పెద్దది చెయ్యడం సాక్షాత్తూ కంపెనీయే చేసిన పని. అదే కారుకు బయట పదహారు ఇంచుల అల్లాయ్స్ వేయించాక మాత్రం కథ మారుతుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు నుంచి ‘గర్ర్’మంటుంది. ఇంటిల్లిపాదీ ఎక్కి స్పీడ్ బ్రేకర్ దాటితే వెనక నుంచి రబ్బరు గీరుకున్న చప్పుడు వస్తుంది. షాపుకు తిరిగి వెళ్తే, ‘ఏం కాదన్నా, నాలుగు రోజులు తిరిగితే అదే సెట్ అయిపోద్ది’ అంటారు. ఆ మాటలో నిజమెంతో కూడా లెక్క కట్టొచ్చు. దాని దగ్గరికి వద్దాం.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా అల్లాయ్స్ కొనేవాళ్లు మొదట చూసేది డిజైను, తర్వాత అడిగేది ‘ఎన్ని ఇంచులు?’ అని. నిజానికి టైరు రాసుకోవడంలో ఇంచుల వాటా తక్కువ. వీల్ ఎంత వెడల్పు, దాని ఆఫ్‌సెట్ ఎంత అన్నవి అసలు అంకెలు. ఈ రెండూ ఎవరూ అడగరు, అడగనిది షాపువాళ్లూ చెప్పరు. అడిగి ఉంటే, కాగితం మీద రెండు కూడికలు, రెండు తీసివేతలతో టైరు ఎక్కడ తగులుతుందో డబ్బు కట్టకముందే తేలిపోయేది.

ముందు ఎత్తు

టైరు మీద 185/65 ఆర్15 అని ఉంటే, 185 అన్నది వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు. 15 అంటే వీల్ వ్యాసం ఇంచుల్లో. 185లో 65 శాతం 120.25. కింద ఒకటి, పైన ఒకటి కాబట్టి రెండింతలు, 240.5. పదిహేను ఇంచులంటే 381 మిల్లీమీటర్లు. మొత్తం 621.5.

పదహారు ఇంచుల వీల్ మీదికి షాపుల్లో తేలిగ్గా దొరికే సైజు 205/55 ఆర్16. దాని లెక్క 631.9 వస్తుంది. పాతదాని కన్నా 10.4 మిల్లీమీటర్లు పెద్దది. టైరు కింది భాగం రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి వీల్ మధ్య నుంచి పైకి పెరిగేది అందులో సగం, 5.2 మిల్లీమీటర్లు. కారు కూడా అంతే లేస్తుంది, అయినా టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య ఖాళీ ఆ 5.2 మేర తగ్గుతుంది. నిలబడి ఉన్న బండిలో అది పెద్దగా కంటికి ఆనదు. కానీ చక్రం గుంతలో పడి స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు టైరు పైభాగం పాతదాని కన్నా 5.2 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తుంది.

శాతంలో ఇది 1.7. స్పీడోమీటరు 100 చూపే చోట ఇప్పుడు చక్రం 101.7 కిలోమీటర్ల మీద తిరుగుతుంటుంది. ‘మూడు శాతం లోపు ఉంటే ఏ ఇబ్బందీ లేదు’ అని షాపుల్లో చెప్పే సూత్రం ఇక్కడిదే. చాలామంది దీన్నే రాపిడికీ హామీ అనుకుంటారు. ఆ మూడు శాతం స్పీడోమీటరు కోసం పుట్టిన లెక్క. మడ్‌గార్డ్ సందు ఎంతుందో దానికి తెలియదు. 621.5లో మూడు శాతమంటే 18.6 మిల్లీమీటర్లు, మధ్య నుంచి పైకి 9.3. స్విఫ్ట్ లాంటి చిన్న కారులో స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ముందంచుకూ, లోపలి ప్లాస్టిక్ లైనర్‌కూ మధ్య దూరంలోంచి అంత తీసేస్తే మిగిలేది పెద్దగా ఉండదు.

అసలు తకరారు పక్కల్లో

వీల్ హబ్‌కు ఆనుకునే చదునైన భాగం వీల్ వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ భాగం బయటివైపుకు జరిగి ఉంటే ఆఫ్‌సెట్ ప్లస్, అంటే వీల్ కారు లోపలికి ఒదిగి కూర్చుంటుంది. వీల్ మీద ఈటీ అన్న అక్షరాల పక్కన ఉండే అంకె ఇదే, మిల్లీమీటర్లలో. ఈటీ అంకె తగ్గితే వీల్ బయటికొస్తుంది, పెరిగితే లోపలికెళ్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా కూడిక, తీసివేతలే.

లెక్క కోసం పాత వీల్ 5.5జె (అంటే 5.5 ఇంచుల వెడల్పు), ఈటీ45 అనుకుందాం. మీ బండిది వేరే ఉండొచ్చు, వీల్ వెనక అచ్చులో ఉన్న అంకెలు చూసి వేసుకోండి. 185/65 టైరును 5.5 ఇంచుల వీల్ మీద ఎక్కించి గాలి కొడితే దాని పొట్ట వెడల్పు నిజంగా 189 మిల్లీమీటర్లు ఉంటుంది. టైరు మీద రాసిన 185కూ దీనికీ నాలుగు మిల్లీమీటర్ల తేడా మామూలే. అందులో సగం 94.5. ఇందులోంచి 45 తీసేస్తే 49.5. హబ్ ముఖం నుంచి టైరు బయటి పొట్ట అంత దూరంలో ఉంది. 94.5కు 45 కలిపితే 139.5, లోపలి పొట్ట అక్కడుంది.

కొత్త వీల్ 7జె, ఈటీ35 అనుకుందాం. చూడ్డానికి నిండుగా ఉంటుందని ఎక్కువమంది మనసు పడే రకం ఇదే. 205/55 టైరు కొలత వెడల్పు 6.5 ఇంచుల వీల్ మీద 214. వీల్ అర ఇంచు వెడల్పయితే టైరు పొట్ట సుమారు 5 మిల్లీమీటర్లు సాగుతుంది, కాబట్టి 7జె మీద 219. సగం 109.5. అందులోంచి 35 తీసేస్తే 74.5. కలిపితే 144.5.

రెండు జతలూ పక్కపక్కన పెట్టి చూడండి. బయటివైపు 49.5 కాస్తా 74.5 అయింది. లోపలివైపు 139.5 కాస్తా 144.5. టైరు లోపలికి 5 మిల్లీమీటర్లే జరిగింది, బయటికి మాత్రం పాతిక మిల్లీమీటర్లు పొడుచుకొచ్చింది. ఒక ఇంచు పెద్ద వీల్ వేశామని యజమాని అనుకుంటున్నాడు. రాపిడి తెచ్చింది మాత్రం అతను అడగని ఇంకో ఇంచు, పక్కకు పెరిగినది.

ఇదే 16 ఇంచుల్లో 6జె, ఈటీ45 వీల్ దొరికి, దాని మీద 195/55 ఆర్16 టైరు వేశారనుకోండి. ఆ టైరు ఎత్తు 620.9. పాతదానికి 0.6 మిల్లీమీటరు తక్కువ. పొట్ట 201, సగం 100.5. బయటివైపు 55.5, లోపలివైపు 145.5. అటు ఆరు, ఇటు ఆరు మిల్లీమీటర్లు పెరిగింది, అంతే. కంపెనీ 14 నుంచి 15కు వెళ్లినప్పుడు ఏ దారిన వెళ్లిందో ఇదీ అదే దారి. పోల్చుకోడానికి మధ్యస్థంగా 6.5జె, ఈటీ42 మీద అదే 195/55 వేస్తే బయటికి 11.5, లోపలికి 5.5 వస్తుంది. నా మటుకు స్విఫ్ట్, డిజైర్ తరహా బండికి 15 మిల్లీమీటర్ల కన్నా బయటికి తెచ్చే ఏ జతనైనా, ముందు ఒక్క వీల్ ఎక్కించి చూడకుండా కొనడం దండగ.

195/55 ఆర్16తో ఒక మెలిక ఉంది. టైరు సైజు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్ 185/65 ఆర్15కు 88, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 195/55 ఆర్16 మామూలు రకానికి అది 87, అంటే 545 కిలోలు. తేడా చిన్నదే కానీ కంపెనీ ఇచ్చినదానికన్నా కిందికి దిగకూడదన్నది పద్ధతి. అదే సైజులో ఎక్స్‌ఎల్ అన్న గుర్తుతో 91 ఇండెక్స్ టైరు ఉంటుంది, 615 కిలోలకు. అడిగి అదే వేయించుకోవాలి.

వీల్ మీద ఈటీ అంకె అరిగిపోయినా, అసలు వెయ్యకపోయినా కొలుచుకోవచ్చు. టైరు లేని వీల్‌ను ముఖం నేలకు పెట్టి పడుకోబెట్టండి. వెనకంచుల మీద అడ్డంగా ఒక తిన్నటి పట్టీ పెట్టి, అక్కడి నుంచి హబ్‌కు ఆనే భాగం దాకా లోతు స్కేలుతో కొలవండి. 7జె వీల్ లోపలి వెడల్పు 177.8 మిల్లీమీటర్లు. రెండు వైపులా అంచుల మందం కలిపితే బయటి వెడల్పు సుమారు 203 అవుతుంది, అందులో సగం 101.5. మీరు కొలిచిన లోతు 136.5 వస్తే, అందులోంచి 101.5 పోగా ఆఫ్‌సెట్ 35. అయిదు నిమిషాల పని. షాపువాడు ‘అన్నిటికీ పడుతుంది’ అన్నప్పుడు ఈ అయిదు నిమిషాలూ అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఎక్కడ తగులుతోంది?

వేసేశాక మొదలైన రాపిడికి మందు వెతికేముందు అది ఎక్కడో కచ్చితంగా తెలియాలి. చప్పుడును బట్టి చెప్పేవాళ్లు సగంసార్లు పొరబడతారు. తెల్ల సుద్దముక్క తీసుకుని మడ్‌గార్డ్ లోపలి అంచు పొడవునా, టైరు రెండు షోల్డర్ల మీదా దట్టంగా రుద్దండి. వెనక సీటు నింపి, మీరు రోజూ దాటే స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒకసారి వెళ్లిరండి. తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, మెల్లగా ముందుకూ వెనక్కూ పోనివ్వండి. దిగి టార్చి వేసి చూస్తే సుద్ద చెరిగిన చోటు కనిపిస్తుంది. సుద్ద లేకపోయినా ఆనవాళ్లు దాగవు. మట్టిపట్టిన నల్లటి లైనర్ మీద ఒక్కచోట అరచేతి వెడల్పున నునుపుగా మెరుస్తుంటుంది. దాని కింది మూలలో రబ్బరు పొడి సన్నగా పేరుకుని ఉంటుంది.

స్పీడ్ బ్రేకర్ అన్నప్పుడు అది ఎంతెత్తుదో కూడా చూసుకోవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన కొలత ప్రకారం దిబ్బ 3.7 మీటర్ల పొడవు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా ఉండాలి. మన కాలనీల్లో రాత్రికి రాత్రి వెలిసే సిమెంటు గట్లకు ఈ కొలత సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే పరీక్షకు ఇంకో పద్ధతి మంచిది. 10 సెంటీమీటర్ల మందమున్న గట్టి దిమ్మెలు రెండు తీసుకుని, ముందు ఎడమ చక్రాన్నీ వెనక కుడి చక్రాన్నీ ఒకేసారి వాటి మీదికి ఎక్కించండి. కారు మూలమూలకు మెలితిరిగి ఆ రెండు చక్రాలూ మడ్‌గార్డుల్లోకి దూరతాయి. ఇంజను ఆపి హ్యాండ్ బ్రేక్ వేశాకే చూడాలి. కదులుతున్న బండి మడ్‌గార్డ్‌లో చెయ్యి పెట్టే పని ఎవరూ చెయ్యొద్దు.

తగిలే చోట్లు ముఖ్యంగా మూడు. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ముందు లైనర్‌కో, బంపర్ మూలకో తగలడం మొదటిది. ఈటీ తగ్గిన కొద్దీ టైరు స్టీరింగ్ ఇరుసుకు దూరం జరిగి, తిరిగేటప్పుడు పెద్ద వలయం గీస్తుంది. దాంతో టైరు ముందు మూల బంపర్ మీదికి వస్తుంది. రెండోది వెనక మడ్‌గార్డ్ అంచు, లోడ్ పడ్డప్పుడు. మూడోది లోపల ముందు సస్పెన్షన్ స్ట్రట్‌కు తగలడం, ఇది ఈటీ మరీ ఎక్కువున్న వీల్స్‌తో వస్తుంది.

ఈ మూడో చోట ఒక విశేషం ఉంది. మన చిన్న కార్లన్నిటికీ దాదాపుగా ముందుండేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్. స్టీరింగ్ తిప్పితే స్ట్రట్ కూడా చక్రంతోపాటే తిరుగుతుంది, గుంతలో పడితే దాంతోపాటే లేస్తుంది. అందుకని టైరుకూ స్ట్రట్‌కూ మధ్య ఉన్న సందు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మూడు నాలుగు మిల్లీమీటర్లున్నా బండి నడుస్తుంది. మడ్‌గార్డ్ అంచు దగ్గర సందు అలా కాదు. నిలబడి ఉన్నప్పుడు మూడు వేళ్లు దూరేంత ఉన్నా, లోడుతో గుంతలో పడ్డ క్షణంలో మాయమైపోతుంది. వేళ్లు పెట్టి చూసి ‘బోలెడు గ్యాప్ ఉంది’ అనే భరోసా లోపలివైపుకు పనికొస్తుంది కానీ బయటివైపుకు కాదు.

తిన్నగా పోతున్నా చక్రం వేగంతోపాటు పెరిగే ‘టక్ టక్’ వస్తుంటే అది టైరు రాపిడి కాకపోవచ్చు. బ్యాలెన్సింగ్ కోసం వీల్ లోపల అంటించిన సీసపు బిళ్ల బ్రేక్ కాలిపర్‌కు తగులుతోందేమో చూడండి. బిళ్ల చోటు మారిస్తే పోతుంది.

‘సెట్ అయిపోద్ది’ లెక్క

కొత్త టైరు ట్రెడ్ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. చట్టం ఒప్పుకునే కనీసం 1.6. మధ్యలో అరగడానికి ఉన్నది 6.4. మన 205/55 టైరు పాతదానికన్నా మధ్య నుంచి పైకి పెరిగింది 5.2. అంటే ట్రెడ్‌ను 5.2 మిల్లీమీటర్లు అరగదీస్తే టైరు పాత ఎత్తుకు వచ్చేస్తుంది, పైన లైనర్‌కు తగలడం మానేస్తుంది. షాపువాడి మాట నిజమే. టైరు జీవితంలో అయిదింట నాలుగు వంతులు గడిచాక సెట్ అవుతుంది.

పక్కకు పెరిగిన పాతిక మాత్రం ఎన్నేళ్లు తిరిగినా తగ్గదు. మడ్‌గార్డ్ రేకు అంచు తగిలేది ట్రెడ్‌కు కాదు, షోల్డర్ కింద సైడ్‌వాల్‌కు. అక్కడ దారాల పొర మీద ఉండేది పల్చటి రబ్బరు. 621.5 మిల్లీమీటర్ల టైరు కిలోమీటరుకు సుమారు 512 చుట్లు తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు, అంటే లక్షా నలభై వేల చుట్లు. వంద మీద పోతుంటే సెకనుకు 14 చుట్లు. పెళ్లికి వెళ్తూ నలుగురు మనుషులూ, డిక్కీ నిండా సామానూ ఉన్న బండిలో వెనక కూర్చున్నవాళ్లు ఆ గీరుడు శబ్దం అప్పుడప్పుడూ వింటూనే ఉంటారు. సైడ్‌వాల్ మీద చుట్టూ ఒకే గీతలా నునుపుగా అరిగి, దారాల నేత కనిపించిందా, ఆ టైరు ఇక వద్దు. పంక్చర్ షాపులో వేసే ఏ ప్యాచీ సైడ్‌వాల్‌ను బాగుచెయ్యదు.

మందులు

అన్నిటికన్నా ముందు, బండి అయిదారేళ్లు దాటిందైతే వెనక షాక్ అబ్జార్బర్ల మీది బంప్ స్టాపులు చూడండి. అవి నురగలాంటి పదార్థం, వయసు మీద పడితే పొడిపొడిగా రాలిపోతాయి. అవి పోతే చక్రం ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకా పైకి వెళ్తుంది. అల్లాయ్స్ వేయించిన రోజే తప్పు బయటపడుతుంది, నింద అల్లాయ్స్ మీద పడుతుంది. స్ప్రింగులు కుంగినా ఇదే వరస.

లైనర్‌కు మాత్రమే తగులుతుంటే అది పెద్ద జబ్బేమీ కాదు. క్లిప్ ఊడి లైనర్ ముందుకు వాలి ఉండొచ్చు, బిగించాలి. లేదా హీట్ గన్‌తో ప్లాస్టిక్‌ను మెత్తబరిచి లోపలికి నొక్కితే కొన్ని మిల్లీమీటర్లు వస్తాయి. ముక్క కోసెయ్యడం తేలికే కానీ వెనకాల వైర్ల కట్టలో, వాషర్ నీళ్ల డబ్బానో ఉంటే వానాకాలం బురదంతా వాటి మీదే పడుతుంది.

ఎత్తు వల్ల వచ్చిన రాపిడికి టైరు సైజు మార్చడం సరైన మందు. 205/55 తీసి 195/55 వేస్తే మధ్య నుంచి పైకి 5.5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అదే 7జె వీల్ మీద పొట్ట 219 నుంచి 211కు దిగుతుంది, అంటే పక్కకు నాలుగేసి మిల్లీమీటర్లు. 195/55కు ఒప్పుకునే వీల్ వెడల్పు గరిష్ఠంగా 7 ఇంచులే, సరిగ్గా హద్దు మీద ఉంటుంది. బయటికి పొడుచుకొచ్చింది పాతిక నుంచి 21కి తగ్గుతుంది. చాలకపోవచ్చు. 205/50కు వెళ్తే ఎత్తు 611.4కు పడిపోతుంది, పొట్ట మాత్రం అంతే ఉంటుంది. బయటి అంచు రాపిడికి దానివల్ల కొంతే లాభం, పైగా కారు కిందికి దిగుతుంది. మన రోడ్లకు అది గిట్టుబాటు కాని బేరం.

స్పేసర్ల గురించి ఒక అపోహ ఉంది, ఏ రాపిడికైనా అవే మందని. వీల్‌కూ హబ్‌కూ మధ్య పెట్టే బిళ్ల వీల్‌ను బయటికే తోస్తుంది. ఈటీ45 వీల్ వెనక 5 మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే ఈటీ40 అయినట్టు. స్ట్రట్‌కు తగిలే టైరుకు అది పనిచేస్తుంది. మడ్‌గార్డ్‌కు తగిలే టైరుకు పెడితే జబ్బు ముదురుతుంది. పైగా నట్టు పట్టే మర తగ్గుతుంది. మారుతి స్టడ్ 12 మిల్లీమీటర్ల లావు, మర చుట్టుకు 1.25 మిల్లీమీటరు. స్టడ్ లావు ఎంతో కనీసం అంత లోతున నట్టు పట్టాలన్నది లెక్క. అంటే చేత్తో తిప్పేటప్పుడు దాదాపు పది చుట్లు ఎక్కాలి. 5 మిల్లీమీటర్ల స్పేసర్ అందులో నాలుగు చుట్లు మింగేస్తుంది. మిగిలిన చుట్లు లెక్కపెట్టి చూసుకోండి, పదికి తగ్గితే పొడవాటి స్టడ్లు వేయించాలి, లేదా స్పేసర్ తీసేయాలి.

నట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. ‘4×100 అయితే ఎవరి వీల్ ఎవరికైనా పడుతుంది’ అన్నది సగం నిజం. స్విఫ్ట్‌కూ, హ్యుందాయ్ ఐ20కీ నాలుగు బోల్టుల వలయం 100 మిల్లీమీటర్లే, మధ్య రంధ్రం కూడా రెంటికీ 54.1. కానీ మర మారుతికి 1.25, హ్యుందాయ్‌కి 1.5. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. గన్ పెట్టి బలవంతంగా తిప్పితే స్టడ్ మర పోతుంది.

వెనక మడ్‌గార్డ్ అంచును లోపలికి మడవడం చాలా షాపుల్లో చేస్తారు. హబ్‌కు బిగించే రోలర్ పనిముట్టుతో, పెయింట్‌ను వేడి చేస్తూ నెమ్మదిగా చేస్తే ఆ అంచు మేరకు స్థలం దొరుకుతుంది. సుత్తితో కొడితే పెయింట్ పగులుతుంది. వెనకంచులో రెండు రేకులు కలిసే అతుకు ఉంటుంది, దాని సీలెంట్ చీలితే నీళ్లు లోపలికి చేరతాయి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఆ చీలిక తుప్పుకు తలుపు తీసినట్టే. చేయించుకుంటే వెంటనే లోపల సీలెంట్, పైన ప్రైమర్ పూయించాలి. రేకును గ్రైండర్‌తో కోసేద్దామనే మెకానిక్ దగ్గర మాత్రం బండి తాళాలు తిరిగి తీసుకోండి.

క్యాంబర్ మార్చి చక్రం తలను లోపలికి వంచడం ఇంకో దారి. ఒక డిగ్రీ వంచితే టైరు పైభాగం, వీల్ మధ్యతో పోలిస్తే, సుమారు 5.4 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తుంది. ముందు చక్రాలకు క్యాంబర్ బోల్టులు దొరుకుతాయి. వెనక టోర్షన్ బీమ్ ఉన్న బండికి అలాంటి సర్దుబాటే ఉండదు. డిగ్రీ దాటితే టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది కాబట్టి ఇది పాతిక మిల్లీమీటర్ల సమస్యకు అయిదు మిల్లీమీటర్ల మందు. స్ప్రింగుల సందుల్లో ఇరికించే రబ్బరు బఫర్లు కూడా చప్పుడును అణచిపెడతాయే గానీ వీల్‌ను లోపలికి తేవు. బండి బిరుసెక్కడం అదనం.

అన్నీ చూశాక, 7జె ఈటీ35 మీద బయటికి పాతిక వచ్చిన బండికి నిజమైన మందు ఒకటే, వీల్ మార్చడం. వారం లోపే తిరిగి వెళ్తే, గీతలు పడకపోతే, చాలా షాపులు వేరే సెట్‌కు మారుస్తాయి. కొనేటప్పుడే బిల్లు మీద వీల్ వెడల్పు, ఈటీ రాయించుకున్నవాళ్లకు ఈ బేరం తేలిక.

కాగితాల సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటితో తేడాపడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. కంపెనీ మాన్యువల్‌లో ఉన్న టైరు సైజులకు కట్టుబడితే ఈ తలనొప్పి ఉండదు. బయట వేయించిన అల్లాయ్స్ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీలో చేర్పించుకోండి.

ఇక మిగిలింది స్టెప్నీ. డిక్కీలో ఉన్నది 165/80 ఆర్14 ఇనప వీల్ అయితే, కంపెనీ 15 ఇంచుల సెట్‌తో దాని తేడా 1.9 మిల్లీమీటర్లే. 205/55 ఆర్16తో మాత్రం 12.3. ముందు చక్రాలు నడిపించే బండిలో ముందు ఒక పక్క 631.9, ఇంకో పక్క 619.6 ఉంటే డిఫరెన్షియల్ ఒక్క క్షణం ఖాళీ లేకుండా తిరుగుతూనే ఉంటుంది. ముందు టైరు పంక్చరైతే వెనక చక్రం ఒకటి ముందుకు తెచ్చి, స్టెప్నీని వెనక వేసి, నెమ్మదిగా దగ్గరి షాపు దాకా పోనివ్వాలి. అల్లాయ్‌తో ఇచ్చిన కొత్త నట్లు ఇనప వీల్‌కు సరిగ్గా కూర్చోకపోవచ్చు. పాత నట్లు షాపులోనే వదిలెయ్యకుండా అడిగి తెచ్చుకుని, ఒక గుడ్డసంచిలో కట్టి జాకీ పక్కన పడేయండి.